రెండు పసుప్పచ్చ మాత్రలు, ఒక భీమవరం అబ్బాయి

మోతీనగర్‌లో మా ఎదురింటి అమ్మాయికి ముప్ఫై ఏళ్ళు కూడా నిండలేదు. అప్పుడే కీళ్ళవాతం. ముసలితనంలో వచ్చే మోకాళ్ళ నొప్పి కాదు, వేళ్ళ కణుపులు వాచి పొద్దున్నే చపాతీ పిండి కలపనివ్వని రకం. డాక్టరు గారు మూడు రకాల మాత్రలు రాశారు. స్ట్రిప్పుల్లోంచి తియ్యడానికి వేళ్ళు సహకరించవని ఆ అమ్మాయి ఒకేసారి అన్నీ ఒలిచి పాత పోపుల డబ్బాలో గిన్నెకొక రకం చొప్పున పోసుకుంది. చూడ్డానికి భలే ఉపాయంలా ఉంది కదూ! చిక్కేమిటంటే వాటిలో రెండు రకాలు పసుప్పచ్చవే, చిన్నవే. ఒకటి వారానికి ఒక్కరోజు వేసుకోవాల్సింది. రెండోది మిగతా రోజుల్లో వేసుకోవాల్సింది. రెండేళ్ళ పిల్లాడు డబ్బా కుదిపాడో, ఈవిడే మరిచిపోయిందో, వారానికోసారి మాత్రని వరసగా అయిదు రోజులు మింగేసింది. నోరంతా పుళ్ళు. మజ్జిగన్నం కూడా దిగలేదు. సమయానికి ఆస్పత్రికి తీసుకెళ్ళాం కాబట్టి బయటపడింది.

ఆమె ఆస్పత్రిలో ఉండగా ఆ ఖాళీ స్ట్రిప్పుల వెనుక పేర్లు కూడబలుక్కుని చదివాను. ఒకటి మెథోట్రెక్సేట్. రెండోది ఫోలిక్ ఆసిడ్. ఈ రెండో పేరు మనకి కొత్త కాదు. కడుపుతో ఉన్నప్పుడు మనలో చాలామంది మింగిందే. ఒకటి విషంలా పనిచేసి జబ్బుని అణిస్తే, రెండోది ఆ విషానికి విరుగుడు. ఆశ్చర్యమేమిటంటే ఈ రెండు మందులూ ఒకే ప్రయోగశాలలోంచి, ఒకే మనిషి నాయకత్వంలో వచ్చాయి. ఆ మనిషి మన తెలుగువాడు. డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

పేరు వినే ఉంటారు. పిల్లల పాఠాల్లో క్షయ, బోదకాలు, కాన్సరు అంటూ ఆయన గొప్పలు నాలుగు ముక్కల్లో ముగించేస్తారు. నాకు మాత్రం ఆయన కథ చదివిన కొద్దీ ఆ కథలోని ఆడవాళ్ళే ఎక్కువ కనిపించారు.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆరోగ్యం సరిగా లేక ముందే ఉద్యోగం మానుకున్నారు. ఏడుగురు పిల్లలు. సంసారం ఎలా నడిచి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. తల్లి వెంకమ్మ గారు గట్టి మనిషి. పిల్లాడికి చదువు మీద దృష్టి లేదు. పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్మి బోలెడు డబ్బు గడిద్దామని ఇంట్లోంచి పారిపోయాడు. నిడదవోలు దాకా వెళ్ళేసరికి దొరికిపోయాడు. వెంకమ్మ గారు వెనక్కి లాక్కొచ్చి మళ్ళీ బళ్ళో కూర్చోబెట్టారు.

మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పాడు. ఈ మధ్యలో తండ్రి పోయారు. వెంకమ్మ గారు చివరికి తన పుస్తెలు కూడా అమ్మి ఫీజు కట్టి కొడుకుని మద్రాసు పంపించారు. మూడోసారి అక్కడి హిందూ హైస్కూలు నుంచి గట్టెక్కాడు. ఇవాళ టెన్త్‌లో రెండు మార్కులు తగ్గితే పిల్లల్ని నిలదీసే తల్లులం, ఈ మూడోసారి సంగతి కాస్త గుర్తుంచుకోవాలేమో.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదువుతుండగా ఆయనకి సన్యాసం మీద మనసు మళ్ళింది. రామకృష్ణ మిషన్‌లో చేరిపోతానన్నాడు. తల్లి అనుమతి లేనిదే చేర్చుకోమన్నారు వాళ్ళు. వెంకమ్మ గారు ససేమిరా ఒప్పుకోలేదు. సేవ చెయ్యాలంటే డాక్టరువి అయి చెయ్యమన్న సలహా మీద 1915లో మద్రాసు మెడికల్ కాలేజీలో చేరాడు. అంటే ఆ తల్లి ఆ రోజు సరేననుంటే, నా ఎదురింటి అమ్మాయి పోపుల డబ్బాలో ఆ రెండు గిన్నెలు ఎవరి పుణ్యాన, ఎప్పటికి నిండేవో!

మెడిసిన్ చదువంటే అప్పుడూ ఖర్చే. కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు ఆ భారం కొంత మోశారు. 1919లో ఆయన కూతురు శేషగిరితో సుబ్బారావు గారికి పెళ్ళయింది. ఆ కాలపు పెళ్ళిళ్ళలాగే ఆమెది చాలా చిన్న వయసు. ఆవిడ గురించి మళ్ళీ చెప్తాను.

అవి గాంధీగారి పిలుపు మారుమోగుతున్న రోజులు. సుబ్బారావు గారు విదేశీ బట్ట వదిలేసి, ఆపరేషన్ గదిలో వేసుకునే గౌను కూడా ఖద్దరుతో కుట్టించుకున్నారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకి ఒళ్ళు మండింది. రాత పరీక్షలు బాగానే రాసినా పూర్తి స్థాయి ఎం.బి.బి.ఎస్. దక్కలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా ఇచ్చారు. దాంతో ప్రభుత్వ వైద్యశాఖలో దారి మూసుకుపోయింది. మద్రాసులో డాక్టర్ ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పుకున్నారు.

ఈలోగా ఇంట్లో పెద్ద దెబ్బ తగిలింది. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాతో పోయారు. జబ్బు స్ప్రూ. మనవాళ్ళు గ్రహణి అంటారే, అలాంటిది. తిన్నది ఒంటికి పట్టదు, నీళ్ళ విరేచనాలు, నాలుక పూసి ఎర్రబడుతుంది, రక్తం క్షీణించి మనిషి కళ్ళముందే ఎండిపోతాడు. డాక్టరీ చదివిన తమ్ముడు ఇంట్లో ఉండీ చెయ్యగలిగింది లేకపోయింది. ఆ జబ్బు ఆయన్నీ పట్టుకుంది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బతికారు. అన్నదమ్ముల్ని మింగిన ఆ జబ్బుకి మందేమిటన్న ప్రశ్న ఆయన్ని ఇక వదల్లేదు.

మామగారి సాయంతోనూ, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మనిధి సాయంతోనూ 1920ల మొదట్లో అమెరికా ఓడెక్కారు. హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల డిప్లొమా చేశారు. మన ఎల్.ఎం.ఎస్.కి అక్కడ డాక్టరుగా విలువ లేదు. పొట్ట గడవడానికి బోస్టన్ ఆస్పత్రిలో రాత్రిపూట బెడ్‌పాన్లు తీసే పని చేశారు, పగలు ప్రయోగశాల. అక్కడ సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరి రక్తంలో భాస్వరం ఎంతుందో కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతి ఫిస్క్–సుబ్బారావు పద్ధతి అనే పేరుతోనే పుస్తకాలకెక్కింది. తర్వాత ఒంట్లో కండ కదలడానికి కావలసిన శక్తిని అందించే ఫాస్ఫోక్రియాటిన్, ఏ.టి.పి. అనే పదార్థాలు. ఏ.టి.పి. సంగతి 1929లో. మరుసటేడు పిహెచ్.డి. వచ్చింది. ఇంత చేసినా హార్వర్డ్ ఆయన్ని శాశ్వత ఉద్యోగిగా పెట్టుకోలేదు. ఆ ప్రయోగశాలలోనే పనిచేసి తర్వాత 1988లో నోబెల్ బహుమతి పొందిన జార్జ్ హిచింగ్స్, సుబ్బారావు గారు కనిపెట్టినవి కొన్ని ఫిస్క్ అసూయ వల్ల వెలుగు చూడలేదని ఆ తర్వాత చెప్పారు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ అనే ఊళ్ళో లెడర్లే మందుల కంపెనీలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు. మన మాత్రల కథ ఇక్కడ మొదలవుతుంది. కానీ దాని తొలి అధ్యాయం బొంబాయిలో ఉంది.

లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ 1928లో బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద ఆడవాళ్ళు కడుపుతో ఉన్నప్పుడు రక్తం పలచబడి చచ్చిపోతున్నారు. ఎందుకో ఎవరికీ అంతుపట్టలేదు. ఆవిడ వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి ఏం తింటున్నారో చూసింది. ఈస్టుతో తయారయ్యే మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఆ తల్లులు తేరుకోవడం గమనించి 1931లో ప్రకటించింది. అందులో ఏదో ఉంది, అది లేకనే ఈ పాండురోగం అని తేలింది. ఆ ఏదో అన్నదానికి పేరు కూడా లేదప్పటికి. 1941లో టెక్సాస్‌లో పాలకూర ఆకుల నుంచి దాన్ని వేరు చేసి, లాటిన్‌లో ఆకు అనే మాట మీదుగా ఫోలిక్ ఆసిడ్ అని పేరు పెట్టారు. పాలకూర పప్పు వండుతూ ఈ సంగతి తల్చుకుంటే నాకు నవ్వొస్తుంది.

పేరైతే పెట్టారు గానీ రోగికివ్వడానికి చాలినంత ఎక్కడిది? ఎంత ఆకు నూరినా చిటికెడు రాదు. సుబ్బారావు గారి బృందం లెడర్లేలో జంతువుల కాలేయం నుంచీ, సూక్ష్మజీవులు పులిసిన ద్రవం నుంచీ దాన్ని తీసి, దాని నిర్మాణం తేల్చి, 1945 నాటికి ప్రయోగశాలలోనే కృత్రిమంగా తయారు చేసింది. ఇక కొరత లేదు. టామ్ స్పైస్ అనే డాక్టరు దాన్ని పాండురోగులకీ, మరుసటేడు క్యూబా, పోర్టోరికోల్లో స్ప్రూ రోగులకీ ఇచ్చి చూశారు. మంచాన పడ్డవాళ్ళు లేచి అన్నం తిన్నారు. అన్నదమ్ములు పోయిన జబ్బు అది. పాతికేళ్ళు ఆలస్యమైంది, అంతే.

ఇప్పుడు రెండో పసుప్పచ్చ మాత్ర. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు రక్తకాన్సరు వచ్చిన పసిపిల్లలకి ఫోలిక్ ఆసిడ్ రకం మందులిచ్చి చూస్తే జబ్బు ఇంకా రెచ్చిపోయినట్టు కనిపించింది. అంటే కాన్సరు కణాలకీ అదే ఆహారమన్నమాట. అయితే అచ్చం ఫోలిక్ ఆసిడ్‌లా కనిపిస్తూ కణాన్ని మోసం చేసే నకిలీ సరుకు ఇస్తే? సుబ్బారావు గారి బృందం అలాంటి నకిలీలనే తయారు చేసి పంపింది. మొదట అమినోప్టెరిన్, ఆ వెంటే మెథోట్రెక్సేట్. 1948 జూన్‌లో ఫార్బర్ ఫలితాలు అచ్చయ్యాయి. వారాల్లో చనిపోవలసిన పిల్లలు కొందరు లేచి ఆడుకున్నారు, కొన్ని నెలలపాటే అయినా. 1956లో గర్భం తర్వాత మాయ కణాల్లోంచి పుట్టే ఒక భయంకరమైన కాన్సరు మెథోట్రెక్సేట్‌తో పూర్తిగా నయమైంది. అదీ ఆడవాళ్ళ జబ్బే. గర్భసంచిలో కాకుండా ట్యూబులో నిలిచిన గర్భాన్ని, అన్ని సందర్భాల్లో కాదు గానీ, తొలిదశలోనే గుర్తిస్తే ఆపరేషన్ లేకుండా కరిగించడానికి 1980ల నుంచి ఇదే మందు వాడుతున్నారు. కీళ్ళవాతానికి వారానికోసారి చిన్న మోతాదు 1988లో అమెరికాలో అధికారికంగా ఆమోదం పొందింది.

గర్భాన్ని కరిగించే మందు అన్నాను, అక్కడే ఆగి ఆలోచించాలి. 1950ల మొదట్లో అమినోప్టెరిన్‌ని గర్భస్రావానికి వాడి చూశారు. గర్భం పోని చోట బిడ్డలు వికలాంగులుగా పుట్టారు. కాబట్టి మెథోట్రెక్సేట్ వాడుతున్న స్త్రీ గర్భం రాకుండా గట్టి జాగ్రత్త తీసుకోవాల్సిందే. ఎదురింటి అమ్మాయి డబ్బాలోని మూడో గిన్నె అదే, గర్భనిరోధక మాత్ర. కళ్ళముందు మెరుపులతో ఒంటితలనొప్పి వస్తుందని ఆమెకి ఈస్ట్రోజెన్ కలిసిన మామూలు మాత్ర పనికిరాదన్నారు. ప్రొజెస్టిరాన్ రకం హార్మోను ఒక్కటే ఉండే మాత్ర ఇచ్చారు. మినీ పిల్ అంటారు. పాలిచ్చే తల్లులకీ, బి.పి. ఉన్న చాలామందికీ డాక్టర్లు రాసేది ఇదే. మెథోట్రెక్సేట్‌తో దీనికి పేచీ లేదు.

కానీ ఇది టైము మాత్ర. రోజూ ఒకే వేళకి వేసుకోవాలి, ఏడు రోజులు ఆపే పద్ధతి దీనికి లేదు. ఒక ప్యాకెట్టు అయిన మర్నాడే రెండోది. పాత రకాల్లో మూడు గంటలు దాటితేనే మరిచిపోయినట్టు లెక్క. డెసోజెస్ట్రెల్ అనే రకంలో పన్నెండు గంటల దాకా వెసులుబాటుంది. దాటితే గుర్తొచ్చిన వెంటనే ఒకటి వేసుకుని, తర్వాతది మామూలు వేళకే వేసుకుంటూ, ప్యాకెట్టులో రాసినన్ని రోజులు నిరోధ్ కూడా వాడాలి. వేసుకున్న కాసేపటికే వాంతయితే వేసుకోనట్టే. మెథోట్రెక్సేట్ వేసుకున్న రోజున కొందరికి వికారం ఉంటుంది, అందుకని ఆ రోజు మరీ కనిపెట్టుకుని ఉండాలి. క్షయకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకి వాడే కొన్ని మందులు దీని బలాన్ని తగ్గించేస్తాయి. డాక్టరుకి వాడే మందులన్నీ చెప్పకపోతే ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది? నెలసరి అటూ ఇటూ కావడం, మధ్యలో మరక కనపడటం మొదట్లో మామూలే. రక్తస్రావం ఎక్కువైనా, పొత్తికడుపులో ఒకవైపు నొప్పొచ్చినా చూపించుకోవాలి. రొమ్ము కాన్సరు వచ్చినవాళ్ళకి ఈ మాత్ర పడదు.

ఆ అమ్మాయికి ఇంకో బిడ్డ కావాలని ఉంది. అలాంటప్పుడు ముందు డాక్టరుకి చెప్పి మెథోట్రెక్సేట్ మాని, ఆయన చెప్పినన్నాళ్ళు ఆగాలి. అందాకా గర్భనిరోధక మాత్ర మానకూడదు. అది మానే ముందే రోజూ ఫోలిక్ ఆసిడ్ మొదలుపెట్టాలి. ఎందుకంటే బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని మనం గుర్తించేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. 1991లో ఇంగ్లండువాళ్ళు నడిపిన పెద్ద పరిశోధనలో, ఒకసారి అలాంటి లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకి గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆసిడ్ ఇస్తే మళ్ళీ ఆ లోపం రావడం 72 శాతం తగ్గింది. మామూలు ఆడవాళ్ళకి రోజుకి 400 మైక్రోగ్రాములు చాలు. ముందు అలాంటి బిడ్డ పుట్టినవాళ్ళకీ, మూర్ఛ మందులు వాడేవాళ్ళకీ, షుగరున్నవాళ్ళకీ ఎక్కువ మోతాదు డాక్టరు రాస్తారు. ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆసిడ్ ఉంటుంది. గర్భిణులకి దాన్ని రోజూ ఇచ్చేది నాలుగో నెల నుంచి. మొదటి మూడు నెలల మాత్ర వేరు, అదే పసుప్పచ్చది. మనవాళ్ళు చాలామంది ఎర్రది వచ్చేదాకా ఊరుకుంటారు.

తోటకూర, పాలకూర, పెసలు, శనగల్లో ఇది సహజంగా ఉంటుంది. ఆకుకూర గంటలకొద్దీ ఉడికించి నీళ్ళు వంచేస్తే చాలా భాగం పోతుంది. ఒక్క మాట. పూర్తి శాకాహారులకి బి-12 లోటు ఉండొచ్చు. అలాంటివాళ్ళు ఎక్కువ మోతాదు ఫోలిక్ ఆసిడ్ సొంతంగా వాడుకుంటూ పోతే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది, లోపల నరాలు దెబ్బతింటూనే ఉంటాయి.

ఇక శేషగిరి గారు. ఆవిడ మళ్ళీ భర్తని చూడలేదు. పుట్టిన ఒక్క మగపిల్లాడూ పసితనంలోనే పోయాడు. ఇటు బిడ్డ లేడు, అటు భర్త సముద్రాల అవతల. ఇక్కడి నుంచి వెళ్ళాలంటే డబ్బు కావాలి, అక్కడి చట్టాలు ఒప్పుకోవాలి. ఆయన రావాలంటే మొదలుపెట్టిన పని ఆగాలి. ఆయన గురించి రాసినవాళ్ళంతా ఈ ఎడబాటుని త్యాగం అని ఒక్క మాటలో తేల్చేస్తారు. ఎవరి త్యాగం అని నాకు అడగాలనిపిస్తుంది. ఆయనకి ప్రయోగశాల ఉంది, శిష్యులున్నారు, రాత్రింబవళ్ళు చాలని పని ఉంది. ఆవిడకేముంది? ఆయన్ని తప్పుపట్టే అర్హత నాకు లేదు, ఆయన మందు తిని బిడ్డని కన్నదాన్ని. అయినా ఆ పాతికేళ్ళూ ఒక ఇంట్లో, సుమంగళిగా, పోస్టు కోసం చూస్తూ ఒక ఆడది గడిపిన రోజుల్ని ఎవరూ లెక్కగట్టలేదు.

భారతీయులు అమెరికా పౌరులు కావచ్చునని చట్టం వచ్చింది 1946లో. అంతకు ముందు అన్నేళ్ళూ ఆయన అక్కడ పరాయివాడే. చివరికి పౌరుడు కాకుండానే పోయారు. లెడర్లేలో ఆయన హయాంలోనే బోదకాలు మందు హెట్రజాన్ వచ్చింది, బెంజమిన్ డుగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ కనిపెట్టారు. అదే టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొదటిది. అన్నిటికీ తన పేరే ముందుండాలని ఆయన పట్టుబట్టలేదు, శిష్యుల పేర్లు వేయించారు. లోకం ఆయన్ని తొందరగా మరిచిపోవడానికి అదీ ఒక కారణమంటారు.

ఫార్బర్ ఫలితాలు అచ్చయి రెండు నెలలే అయింది. 1948 ఆగస్టులో ఒక రాత్రి నిద్రలోనే గుండె ఆగి సుబ్బారావు గారు పోయారు. యాభై మూడేళ్ళు. 1953లో ఒక కొత్త బూజుకి ఆయన పేరు కలిపి సుబ్బరోమైసిస్ అని పెట్టారు. నూరేళ్ళ జయంతికి, 1995లో, మన తపాలా శాఖ ఆయన బొమ్మతో బిళ్ళ వేసింది.

ఎదురింటి అమ్మాయి పోపుల డబ్బా తోమి మళ్ళీ ఆవాలూ జీలకర్రా పోసుకుంది. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచుతోంది. వారం మాత్ర స్ట్రిప్పు మీద స్కెచ్ పెన్నుతో ఆదివారం అని రాసి, పిల్లాడికి అందకుండా పై అరలో విడిగా పెట్టింది. స్ట్రిప్పు నొక్కడానికి వేళ్ళు రాని రోజున నన్ను పిలుస్తుంది.